పదకొండు అక్షరాల కితేరియ

మా అమ్మమ్మ పేరు కితేరియ. ఆ పేరు చర్చి పుస్తకంలో తప్ప ఊళ్ళో ఎక్కడా వినపడేది కాదు. ఊరందరికీ ఆవిడ ‘పదకొండక్షరాలు’. మా మిన్యు సీమలో ఆ మాట అర్థం కానివాళ్ళు లేరు. తార్పుడుగత్తె అనే మాటని మా పోర్చుగీసు రాతలో రాస్తే సరిగ్గా పదకొండు అక్షరాలొస్తాయి. పచ్చిగా అనడానికి సిగ్గుపడే పెద్దమనుషులు అలా అక్షరాలు లెక్కపెట్టి అంటారు. మా అమ్మమ్మ జన్మలో ఏ ఆడదాన్నీ ఏ మగాడి దగ్గరికీ పంపలేదు. ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికింది. వాటి మీద ఏ మరక చూసినా నోరు విప్పలేదు. అయినా ఆ పేరు ఆవిణ్ణి చచ్చేదాకా వదల్లేదు.

దానికి కారణం ఒక విస్కోండె. అందుకని ముందు వాడి సంగతి చెప్పాలి. అంత పెద్ద బిరుదున్నవాణ్ణి వాడు వీడు అంటున్నానని ఎవరికైనా కష్టంగా ఉంటే, ఈ కాగితాలు ఇక్కడే మడిచి పొయ్యిలో పెట్టుకోవచ్చు.

వాడి పేరు కుష్తోదియు. చీపుళ్ళు కట్టి అమ్ముకునేవాళ్ళ ఇంట పుట్టాడు. చిన్నప్పుడే ఓడెక్కి బ్రెజిల్ పోయాడు. యాభయ్యో ఏట ఒక బంగారు గొలుసు, ఒక చిలక, ఒక చెవిలో చెవుడు వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. పట్నంలో ఆస్పత్రికి రెండు గదులు కట్టించాడు. ఎన్నికల్లో ఎవరికి సాయపడాలో వాళ్ళకి సాయపడ్డాడు. లిస్బన్ నుంచి రాజుగారి సంతకంతో కాగితమొచ్చింది. చీపుళ్ళ కుష్తోదియు కాస్తా విస్కోండె అయ్యాడు. ఆ రోజుల్లో బిరుదులు సంతలో సార్డీను చేపల్లా పంచిపెట్టేవాళ్ళు.

బిరుదన్నాక దాని ముందు ఒక చోటు పేరుండాలి. ఫలానా ఊరి విస్కోండె, ఫలానా కొండ విస్కోండె అన్నట్టు. కుష్తోదియు పుట్టిన సందు పేరు గాడిద బావి. గాడిద బావి విస్కోండె అని ఎవడు అనిపించుకుంటాడు? అందుకని ఊరి మధ్యనున్న మా ఊట పేరు తీసేసుకున్నాడు. ఫోంతె మాన్సా. అంటే నెమ్మదైన ఊట అని. రాళ్ళ మధ్య నుంచి చప్పుడు లేకుండా వచ్చే నీళ్ళు, ఏడాదంతా ఒకటే ధార. ఊరు తాగేది ఆ నీళ్ళే, బట్టలుతికే తొట్టి నిండేదీ ఆ నీళ్ళతోనే. పేరు వాడుకుంటానని వాడు ఊరిని అడగలేదు. పొద్దున లేచి చూసేసరికి మా నీళ్ళ పేరు ఒక మనిషి పేరైపోయింది.

ఊరు సణుక్కోకుండా ఊట ముందు ఒక రాతి గోడ, అందమైన ద్వారం కట్టిస్తానన్నాడు. మునిసిపాలిటీవాళ్ళు మురిసిపోయి తమ పుస్తకంలో ఒక వాక్యం రాశారు. ఫోంతె మాన్సా బిరుదు ఆ ఇంట ఉన్నంతకాలం ఊట తాళంచెవి ఆ ఇంటిదేనని. అప్పటికి ఊటకి తలుపే లేదు, ఇంక తాళమెక్కడిది? ఏదో ముచ్చటకి రాశారు. ఒక వెండి తాళంచెవి చేయించి ముఖమలు గుడ్డలో పెట్టి ఇచ్చారు. కుష్తోదియు దాన్ని హాల్లో గోడకి వేలాడదీసుకున్నాడు.

ఆ ద్వారం పక్కన గోడ మీది రాయి చెక్కినవాడు మా ముత్తాత బెల్షియోర్, అంటే కితేరియ తండ్రి. రాతిపనిలో మా చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. చదువు మాత్రం రాదు. ఆయనకి అక్షరాలంటే బొమ్మలే. ద్రాక్ష ఆకు ఎలా చెక్కేవాడో అక్షరం కూడా అలాగే, చూసి చెక్కేవాడు. కుష్తోదియు లిస్బన్ కాగితానికి నకలు తెచ్చి, అందులో పెద్ద అక్షరాలతో ఉన్న రెండు వరుసలు చూపించాడు.

"ఉన్నదున్నట్టు దించాలి బెల్షియోరూ. ఒక్క చుక్క తగ్గినా ఊరుకోను" అన్నాడు.

వాడికీ చదువు అంతంతమాత్రమే. బ్రెజిల్లో కాఫీ బస్తాల మీద గుర్తులు చదవడం వరకే నేర్చుకున్నాడు. విస్కోండె అయ్యాక ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు?

మా ముత్తాత ఉన్నదున్నట్టే దించాడు. పైన కిరీటం. దాని కింద మొదటి వరుసలో ఫోంతె మాన్సా విస్కోండె అని. రెండో వరుసలో మూడు చిన్న మాటలు, మొత్తం పదకొండు అక్షరాలు. ఎం దువాష్ విదాష్. అంటే రెండు బతుకులకు అని.

అసలు మెలిక అక్కడే ఉంది. రాజుగారిచ్చే బిరుదు కొందరికి ఒక్క బతుక్కే, కొందరికి రెండు బతుకులకు, మరీ అదృష్టవంతులకి వంశం ఉన్నంతకాలం. కుష్తోదియుకి వచ్చింది నడిమి రకం. వాడు బతికున్నన్నాళ్ళు, వాడి తర్వాత కొడుకు బతికున్నన్నాళ్ళు. రాజుగారు మళ్ళీ దయతలిస్తే తప్ప మనవడు మీలా నాలా మామూలు మనిషి. కాగితంలో ఆ మాట ఉంటుంది, ఉండాలి కూడా. కానీ దాన్ని రాతి మీద చెక్కించుకున్న విస్కోండె దేశం మొత్తం మీద ఇంకొకడు ఉండడు. తన గొప్పతనం ఫలానా నాటికి చెల్లిపోతుందని ఎవడైనా గోడ మీద రాయించుకుంటాడా? చదువు రాని రాతిపనివాడికీ, చదువు రాదని చెప్పుకోలేని దొరకీ మధ్య జరిగిన పొరపాటది.

గోడని ఊరికి చూపించే ముందు రోజు మా పాదిరి ఇనాసియు గారు వచ్చారు, దీవెన ఎక్కడ నిలబడి ఇవ్వాలో చూసుకోవడానికి. అప్పటికాయన ఊరికి కొత్త. రాతి మీది గుడ్డ పక్కకి తప్పించి చదివారు. చదివి దగ్గారు. ఏమైందని కుష్తోదియు అడిగితే చెవిలో చెప్పారు. అది చెవుడున్న చెవి కావడంతో ఇటు తిరిగొచ్చి రెండో చెవిలో మళ్ళీ చెప్పాల్సొచ్చింది. కితేరియ తండ్రి పక్కన అక్కడే ఉంది, ఆ మాట ఇద్దరికీ వినపడింది. అప్పుడావిడకి పదిహేడేళ్ళు.

"నా చావు, నా కొడుకు చావు రాతి మీద రాస్తావురా తాగుబోతు వెధవా?" అని కుష్తోదియు అరిచాడు.

"తమరే అన్నారు కదయ్యా, ఒక్క చుక్క తగ్గకూడదని."

"నేనంటే? నీ బుర్ర ఏ గడ్డి మేస్తోంది?"

"నా బుర్రకి చదువు రాదయ్యా."

"పూడ్చెయ్. రేపీపాటికి ఆ వరుస కనపడకూడదు. ఎక్కడైనా నోరు జారావో, నువ్వుంటున్న కొంప నాదని గుర్తుపెట్టుకో."

మైనం, దేవదారు జిగురు, మెత్తగా నూరిన రాతిపొడి కలిపితే రాతిపనివాళ్ళ లప్పం తయారవుతుంది. పగుళ్ళు కనపడకుండా పూడ్చడానికి వాడతారు. ఆ గోడకి ఎండ తగలదు, అందుకని వందేళ్ళయినా ఊడదు. రాతిపొడి నూరింది కితేరియే. తండ్రి లప్పం కలిపి అందిస్తుంటే ఆ పదకొండు అక్షరాల్నీ తనే వేలితో అదిమి నింపింది. చివరి అక్షరం నిండాక ఆయన మెల్లిగా అన్నాడట: "ఇది వేడికి కరుగుతుందే అమ్మాయ్. కానీ రెండో బతుకు పోయేదాకా ముట్టుకోకు. అప్పటిదాకా బిరుదు వాళ్ళదే. ఆ తర్వాత నీ ఇష్టం."

చూడండి ఆ మనిషి న్యాయం. తన్ని తిట్టినవాడికి కూడా రావలసింది రానిచ్చాడు.

కుష్తోదియు మాత్రం ఊరికి ఇంకో కథ చెప్పాడు. బెల్షియోర్ తాగేసి ఏవో పదకొండు పిచ్చి అక్షరాలు చెక్కితే పూడ్పించానన్నాడు. పదకొండు అక్షరాలు అనగానే ఊరికి ఏ మాట గుర్తొస్తుందో వేరే చెప్పాలా? జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ తర్వాత మా ముత్తాతకి ఎవరూ అక్షరాల పని ఇవ్వలేదు. సమాధి రాళ్ళు చెక్కిన చేత్తో పందుల తొట్లు చెక్కుకుంటూ పోయాడు. ఆయన పోయాక ఆ పేరు కూతురికి దిగింది. ఆడదానికి ఆ పేరు ఇంకా బాగా అతుకుతుంది కదా, ఊరికి మరీ నచ్చింది.

ఆవిడ చెప్పకపోలేదు. తండ్రి పోయాక, ఆ కొంప ఖాళీ చేసి మా తాతని చేసుకుని, తొట్టి దగ్గర బట్టలుతుకుతూ ఎన్నోసార్లు చెప్పింది. ఆ వరుసలో ఉన్నది పిచ్చిరాత కాదర్రా, రెండు బతుకులకు అని ఉంది అని. పక్కన ఉతుకుతున్నవాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా?

"అబ్బో, పదకొండక్షరాలకి చదువొచ్చేసిందర్రోయ్! రేపు పూజ కూడా తనే చేస్తుందట!"

నేను ఆ తొట్టి దగ్గరే పెరిగాను. ఆ నవ్వులు నా చెవులతో విన్నాను. నవ్వినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇంకా బతికే ఉన్నారు, నన్ను చూస్తే అమ్మమ్మ ఎంత మంచిదో అంటారు. సిగ్గుండాలి.

కుష్తోదియు పోయాడు. వాడి కొడుకు లియోపోల్దు రెండో విస్కోండె అయ్యాడు. మెతక మనిషి, ఎవరి జోలికీ రాలేదు. అతనూ పోయాడు. ఆ అంత్యక్రియల రోజున మా అమ్మమ్మ నల్ల శాలువా కప్పుకుని చర్చిలో చివరి బల్ల మీద కూర్చుంది. బయటికొస్తూ, "రెండు" అంది. నాకప్పుడు అర్థం కాలేదు.

ఆ తర్వాత మనవడు గస్పార్ దిగాడు. కొయింబ్రాలో చదువు వెలగబెట్టి పాస్ కాకుండా వచ్చినవాడు. వచ్చీరాగానే ఊట ద్వారానికి ఇనుప తలుపు పెట్టించాడు, తాళం వేశాడు. నీళ్ళని గొట్టంలోకి మళ్ళించి తన తోటలో ఎర్రచేపల కొలనుకి తీసుకుపోయాడు. తాగడానికి ఊరికి పొద్దున ఒక గంట తలుపు తీస్తారు. బట్టలుతికే తొట్టికి చుక్క నీళ్ళు లేవు. ఊళ్ళో పదిహేను మంది ఆడవాళ్ళం ఆ తొట్టి మీద బతికేవాళ్ళం. తడిబట్టల గంపలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి ఏటికి పోవడం, మళ్ళీ ఎక్కడం. ఏడాది తిరిగేసరికి మా అమ్మమ్మ మోకాళ్ళు పోయాయి. గోడ పట్టుకుని నడిచేది. ఉతకడం మానేస్తే తిండి లేదు, ఉతకాలంటే నీళ్ళు లేవు.

ఒకరోజు తలుపు దగ్గర గస్పార్‌ని నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను.

"నీళ్ళొదులు బాబూ."

"బాబూ ఏంటి? విస్కోండె గారూ అనడం రాదా?"

"మీ నాన్నగారు పోయినప్పటినుంచీ ఆ మాటకి నా నోరు తిరగట్లేదు."

గస్పార్ నవ్వాడు. "సరే ముసలమ్మా. ఈ ఊట పేరేంటి?"

"ఫోంతె మాన్సా."

"నా బిరుదు పేరేంటి? పక్కన రాతి మీదుంది, చూడు. ఓ, నీకు చదువు రాదు కదూ. మునిసిపాలిటీ పుస్తకంలో కూడా ఉంది. బిరుదున్నంతకాలం తాళంచెవి మాదే. మా బిరుదు వంశం ఉన్నంతకాలం. ఇంకేం కావాలి?"

"ఎవరు చెప్పారు వంశం ఉన్నంతకాలమని?"

"పదకొండక్షరాలకి నేను లెక్క చెప్పాలా?" అని వెళ్ళిపోయాడు.

ఊరి పెద్దరికం చేసే అబీలియుకి వైన్ కొట్టుంది. అమ్మమ్మ అతని దగ్గరికి పోయి, లిస్బన్ కాగితం చూపించమని గస్పార్‌ని అడగమంది. అతను గ్లాసులు తుడుస్తూ, "విస్కోండె గారిని కాగితం అడుగుతారా పిన్నీ? బాగుంటుందా?" అన్నాడు. ఊరి గొంతు ఎండుతుంటే బాగుందట, కాగితం అడిగితే బాగుండదట. మా ఊరి మగాళ్ళ మర్యాద ఎప్పుడూ ఇంతే. టోపీ తీయడం వచ్చు, తల ఎత్తడం రాదు.

మర్నాడు ఆదివారం. జనం చర్చిలో ఉండగా మా అమ్మమ్మ ఎండిన తొట్టి పక్కన రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టింది. రాగి గంగాళంలో బూడిద నీళ్ళు మరగబెట్టింది. దుప్పట్లు తెల్లబరచడానికి మేం వాడేది ఆ నీళ్ళే. పొద్దున తలుపు తీసిన గంటలో తను తాగడానికని పట్టుకున్న నీళ్ళన్నీ అందులో పోసేసింది. పూజ ముగిసి జనం బయటికి వచ్చేసరికి ఆవిడ ముంతతో ముంచి ముంచి రాతి మీద కొడుతోంది. మోకాళ్ళు పనిచేయని మనిషి, బోర్లించిన గంప మీద నిలబడి.

"ఏయ్ పదకొండక్షరాలూ, పిచ్చెక్కిందా?" అని ఎవరో అరిచారు.

"ఎక్కింది. దగ్గరికి రా, నీ మీద కూడా పోస్తా."

ఎవడూ దగ్గరికి రాలేదు. మూడో ముంతకి రాతి మీద నుంచి పసుప్పచ్చగా ఏదో కారడం మొదలైంది. దేవదారు జిగురు వాసన వీధంతా కొట్టింది. ఆవిడ చీపురు తీసుకుని గీకింది. గాడుల్లోంచి లప్పం ముద్దలు ముద్దలుగా ఊడిపడింది. మొదటి అక్షరం బయటపడింది, ఆ తర్వాత రెండోది. ఒక్కొక్కటే బయటికొస్తుంటే ఊరంతా నోటితో లెక్కపెట్టింది. పదకొండు.

గస్పార్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మా అమ్మమ్మ వాడివైపు చూడనే లేదు. పాదిరి ఇనాసియు గారి కోసం చూసింది. ఆయనకి అప్పటికి డెబ్భై దాటాయి.

"చదవండి స్వామీ."

"చూపు ఆనట్లేదమ్మా కితేరియా."

"అప్పుడు చూపు బాగానే ఉందిగా. అప్పుడు నోరు పడిపోయింది, ఇప్పుడు కళ్ళు పోయాయా? వేలితో చదవండి."

గంప దిగి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వేడి ఇంకా తగ్గని రాతి గాడిలో ఆయన వేలు పెట్టింది. ముసలాయన వేలు అక్షరం నుంచి అక్షరానికి జరిగింది. చివరికొచ్చేసరికి ఆయన ఏడుస్తున్నారు. ఆ ఏడుపు మీద నాకేం జాలి లేదు. నలభై ఏళ్ళ కింద ఏడ్చి ఉంటే పనికొచ్చేది.

"రెండు బతుకులకు" అన్నారు.

"గట్టిగా."

"రెండు బతుకులకు! అలాగే ఉంది. అప్పుడూ అలాగే ఉంది. నేను చదివాను."

మా అమ్మమ్మ అప్పుడు గస్పార్ ముందుకెళ్ళి వేళ్ళు చూపించింది. "మీ తాత ఒకటి. మీ నాన్న రెండు. మూడో వేలు ఈ రాతి మీద లేదు బాబూ."

"రాజుగారు మళ్ళీ ఇస్తారు! అర్జీ పెట్టాను!" అని వాడు కేకేశాడు. నోరు జారిందని కేక బయటికొచ్చాక తెలిసింది వాడికి. అర్జీ పెట్టాడంటే బిరుదు లేదన్నమాటేగా.

"వచ్చాక వేసుకో తాళం. ఈలోపల తియ్యి."

తియ్యలేదు. మేమే పదిహేను మందిమీ కలిసి ఇనుప తలుపుని బందుల్లోంచి ఎత్తి పక్కన పడేశాం. గొట్టం పీకేశాం. ఆ మధ్యాహ్నం తొట్టి నిండింది. నెల తర్వాత మునిసిపాలిటీ నుంచి కూడా ఉత్తరమొచ్చింది, తాళంచెవి హక్కు చెల్లిపోయిందని.

ఇక్కడితో అయిపోతే నాకింత కోపం ఉండేది కాదు. మర్నాడు అబీలియు కొట్టు ముందు నుంచి గస్పార్ పోతుంటే, "రండి విస్కోండె గారూ, ఒక గ్లాసు పుచ్చుకోండి" అని పిలుపు. చెల్లిపోయిన బిరుదుతోనే ఊరు వాణ్ణి చచ్చేదాకా పిలిచింది. సమాధి మీద కూడా అదే రాసింది. తన నీళ్ళు తనకి తెచ్చిపెట్టిన మనిషిని మాత్రం పదకొండక్షరాలనే పిలిచింది. అదేంటర్రా అని అడిగితే, "అలవాటైపోయిందమ్మా, ఏమనుకోకు" అన్నారు.

రెండేళ్ళకి లిస్బన్‌లో రాజు దేశం వదిలి పారిపోయాడు, గణతంత్రం వచ్చింది. బిరుదులన్నీ రద్దన్నారు. మా అబీలియు రాత్రికి రాత్రి గణతంత్రవాది అయిపోయాడు. చేతికి ఎరుపు ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని, పట్నం నుంచి నలుగురు కుర్రాళ్ళని సుత్తులతో వెంటబెట్టుకుని ఊట దగ్గరికొచ్చాడు. మా అమ్మమ్మ అప్పుడు ఉతుకుతోంది. తడి చేతులతోనే వెళ్ళి ఆ పదకొండు అక్షరాలకి వీపు ఆనించి నిలబడింది.

"జరుగు పిన్నీ. రాజుల గుర్తులు ఊళ్ళో ఉండకూడదు."

"కిరీటం కొట్టుకో, అది రాజుది. పేరు కొట్టుకో, అది వాడిది. కింద వరుస మా నాన్నది."

"అదీ బిరుదులో ముక్కేగా!"

"ఆ బిరుదుని చంపిందే ఈ ముక్క. అప్పుడు నువ్వు గ్లాసులు తుడుస్తున్నావు."

కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఆవిడ తల మీదుగా కిరీటం కొట్టారు, పేరు కొట్టారు. రాతి పెచ్చులు జుట్టులో, భుజాల మీద, రవికెలో పడుతున్నాయి. చెవి దగ్గర కోసుకుని రక్తం కారింది. ఆవిడ కదల్లేదు. వాళ్ళు సుత్తులు సర్దుకుని పోయాకే గోడ వదిలి, వచ్చి మిగిలిన దుప్పటి జాడించింది.

ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. సమాధికి రాయి లేదు. ఊట గోడ మీద పైనంతా చెక్కిపోయిన గుంటలు, కింద ఆ ఒక్క వరుస.

పోయిన వారం పోర్తు నగరం నుంచి ఒకాయన వచ్చాడు. పాత బిరుదుల చరిత్ర రాస్తున్నాడట. మెడలో కెమెరా, చేతిలో నోటు పుస్తకం. రాయి ముందు చాలాసేపు నిలబడి, ఉతుకుతున్న నన్ను అడిగాడు.

"రెండు బతుకులకు అని ఉందే. ఎవరివమ్మా ఆ రెండు బతుకులు?"

"బెల్షియోర్‌ది ఒకటి, కితేరియది ఒకటి."

ఆయన గబగబా రాసుకున్నాడు. "వాళ్ళది ఏ వంశం?"

"పదకొండక్షరాల వంశం" అన్నాను. "రాసుకోండి. లెక్క తప్పకుండా రాసుకోండి."